ఏ ఇల్లు మామూలు ఇల్లు?

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక అయిదేళ్లలో దాదాపు 19 లక్షల ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ఈ ఏరివేతకు వాడిన ముఖ్య సాధనం ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ. వేర్వేరు ప్రభుత్వ శాఖల దగ్గరున్న రికార్డులను పక్కపక్కన పెట్టి, ఈ రికార్డులోని మనిషీ ఆ కార్డులోని మనిషీ ఒక్కరేనా అని అది అంచనా వేస్తుంది. నాలుగు చక్రాల బండి ఉన్న కుటుంబానికి కార్డు ఇవ్వరు. కాబట్టి ఎవరో కారు యజమాని వివరాలు మీ వివరాలతో కలిశాయని యంత్రం అనుకుంటే మీ ఇంటికి బియ్యం ఆగిపోతాయి. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన మనిషిని కారు యజమానిగా లెక్కగట్టి, ఆ కుటుంబానికి రేషన్ ఆపేసిన ఉదంతం 2024లో పత్రికా పరిశోధనలో బయటపడింది. ఆ కారు దాదాపు అదే పేరున్న ఇంకొకరిది.

ఇలాంటి పొరపాటుకు అవకాశం మన పేర్లలోనే ఉంది. తెలుగువాళ్ల ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకోదానిలో పూర్తిగా ఉంటుంది, మూడోదానిలో అసలే ఉండదు. పెళ్లయిన ఆడవాళ్లకు ఒకచోట పుట్టింటి పేరు, ఇంకోచోట అత్తింటి పేరు పడుతుంది. వెంకటేశ్వర్లు, లక్ష్మి, మహమ్మద్, ఫాతిమా లాంటి పేర్లవాళ్లు ఒక్క వార్డులోనే ఎందరో ఉంటారు. ఆ పేర్లను ఇంగ్లిష్‌లో ఎక్కించే ఆపరేటరు ఒకచోట అక్షరం ఎక్కువ వేస్తాడు, ఒకచోట తక్కువ వేస్తాడు. బస్తీలో చిరునామా అంటే గుడి వెనక సందు, మసీదు పక్క గల్లీ. చిన్న తేడాలను పట్టించుకోవద్దని యంత్రానికి చెబితే ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు. పట్టించుకోమంటే ఒక్క మనిషే ఇద్దరవుతారు. ఎంత తేడా వరకు సహించాలో ఎవరో ముందుగానే తేల్చి పెట్టాలి. పైకి సాంకేతికంగా కనిపించే ఆ ఒక్క నిర్ణయంలోనే, పొరపాటు జరిగితే నష్టం ఖజానాకా, పేద ఇంటికా అన్న సంగతి కూడా తేలిపోతుంది.

సంక్షేమ అర్హతను తేల్చే ప్రతి వ్యవస్థ లోపలా మామూలు కుటుంబం ఎలా ఉంటుందన్న ఒక ఊహ దాగి ఉంటుంది. ఎవరు ఎవరితో కలిసి ఉంటారు, ఏ భాష మాట్లాడతారు, కరెంటు ఎంత వాడతారు, పేరు ఎలా రాసుకుంటారు అన్న లెక్కలన్నీ అందులో కలిసిపోతాయి. ఆ ఊహకు దగ్గరగా బతికేవాళ్లకు యంత్రం సాఫీగా పనిచేస్తుంది. బతుకు తీరు వేరైనవాళ్లు మాత్రం ఏ తప్పూ చేయకుండానే అనుమానితులవుతారు. కంప్యూటర్ లెక్క ఎంత కచ్చితంగా ఉందన్నది రెండో ప్రశ్న. ఎవరి జీవితాన్ని కొలతగా తీసుకున్నారన్నది మొదట అడగాలి.

డెన్మార్క్ ఉదాహరణ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అక్కడ భత్యాలు చెల్లించే జాతీయ సంస్థ మోసాలను పసిగట్టడానికి 60 వరకు గణిత నమూనాలు వాడుతోందని 2024 నవంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక బయటపెట్టింది. ఒంటరిగా ఉంటున్నామని చెప్పి భత్యం తీసుకునేవాళ్లు నిజంగా ఒంటరివాళ్లేనా అని అంచనా వేసే నమూనా వాటిలో ఒకటి. అది ‘అసాధారణ’ నివాస తీరు కోసం వెతుకుతుంది. తాతలు, తల్లిదండ్రులు, మనవలు ఒకే ఇంట్లో ఉండే వలస కుటుంబాలు, వైకల్యం వల్ల భార్యాభర్తలు వేర్వేరు చోట్ల ఉండాల్సి వచ్చినవాళ్లు ఇలాంటి లెక్కలో సులువుగా చిక్కుకుంటారని ఆ నివేదిక హెచ్చరించింది. అత్తమామలు, కొడుకూ కోడలు, పిల్లలు ఒకే కప్పు కింద ఉంటే గుంటూరులోనో వరంగల్‌లోనో ఎవరూ వింతగా చూడరు. అదే కాపురం కోపెన్‌హాగన్‌లో కంప్యూటర్ దృష్టికి తేడాగా కనిపించవచ్చు. ఐరోపా ఆర్థిక ప్రాంతానికి బయటి దేశాలతో సంబంధాలున్నవాళ్లను గుర్తించే నమూనా కూడా అక్కడ వాడుతున్నారని అదే నివేదిక చెప్పింది.

ఇంకో రకం యంత్రం పాత కేసుల నుంచి నేర్చుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరం 2017 నుంచి 2021 వరకు సహాయం పొందేవాళ్లలో ఎవరిని అనుమానించాలో తేల్చడానికి ఇలాంటి యంత్రంతో మార్కులు వేయించింది. ఒక్కో మనిషి గురించి 315 అంశాలను యంత్రానికి ఇచ్చారు. డచ్ భాష ఎంత వచ్చు అన్నది వాటిలో ఉంది, మనిషి తీరు గురించి ఉద్యోగులు రాసుకున్న అభిప్రాయాలూ ఉన్నాయి. గతంలో అధికారులు ఎవరిని ఎక్కువగా తనిఖీ చేశారో వాళ్లలోనే తప్పులు ఎక్కువ దొరుకుతాయి, వాటినే యంత్రం పాఠంగా నేర్చుకుంటుంది. అదే దేశంలో పన్నుల శాఖ పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వాడిన వ్యవస్థ డచ్ పౌరసత్వం లేకపోవడాన్నే ప్రమాద సూచికగా తీసుకుంది. చిన్న కాగితపు లోపాలకు కూడా మొత్తం భత్యం తిరిగి కట్టమన్నారు. వేలాది కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి, వెయ్యికి పైగా పిల్లలు తల్లిదండ్రులకు దూరమయ్యారు, 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. ధనిక దేశంలో, బలమైన కోర్టులూ పత్రికలూ ఉన్నచోట ఇదంతా బయటపడటానికే ఏళ్లు పట్టింది.

జోర్డాన్‌లో ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచే తకాఫుల్ పథకం 57 సూచికలతో కుటుంబాలకు పేదరికం ర్యాంకు ఇస్తుందని 2023లో హ్యూమన్ రైట్స్ వాచ్ రాసింది. వాటిలో కరెంటు, నీటి వాడకం కూడా ఉన్నాయి. ఎక్కువ వాడితే ఉన్నవాళ్లని ఆ లెక్క. పాత ఫ్రిజ్‌లు, పాత హీటర్లు కరెంటును ఎక్కువ తాగుతాయని, కొత్తవి కొనలేనివాళ్ల ఇళ్లలోనే అవి ఉంటాయని ఇల్లు నడిపే ఎవరికైనా తెలుసు. పైగా కుటుంబంలో జోర్డాన్ పౌరులనే లెక్కించడంతో, విదేశీయుడిని పెళ్లాడిన స్త్రీ ఇల్లు కాగితం మీద చిన్నదైపోయింది, ఆ పిల్లల ఆకలి లెక్కలోకి రాలేదు.

యంత్రాల మీద ఈ విమర్శకు గట్టిగా వినిపించే అభ్యంతరం ఒకటుంది. మనుషులు తేల్చిన రోజుల్లో మాత్రం న్యాయం జరిగిందా? కులం చూసి, పార్టీ చూసి, చేతిలో పెట్టింది చూసి పేర్లు చేర్చిన అధికారులు లేరా? ఉన్నారు, అది నిజం. కానీ మనిషి చేసే తప్పుకు ఒక ముఖం ఉంటుంది. మండలాఫీసుకు వెళ్లి అడగొచ్చు, పైఅధికారికి అర్జీ పెట్టుకోవచ్చు, ఊళ్లో నలుగురికీ చెప్పొచ్చు. యంత్రం తప్పు చేస్తే అదే తప్పు ఒక్కసారిగా రాష్ట్రమంతటా జరుగుతుంది. ఎందుకు తీసేశారని అడిగితే కింది ఉద్యోగికి కూడా జవాబు తెలియదు. మనుషుల పక్షపాతం పోవాలని తెచ్చిన సాధనం ఆ పక్షపాతాన్నే పాఠంగా నేర్చుకుని, పైన గణితం ముసుగు వేసుకుంటే, దాన్ని ప్రశ్నించడం ఇంకా కష్టమవుతుంది.

తప్పులు తక్కువే కదా అన్నది ఇంకో వాదన. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాక తెలంగాణలో రద్దయిన కార్డులపై అర్జీలు తీసుకుని మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టారు. సుమారు 4.9 లక్షల అర్జీలు వస్తే, ఆ ఏడాది జూలై నాటికి పరిశీలించిన 2 లక్షల పైచిలుకులో 15,471 అర్హమైనవిగా తేలాయి. అంటే దాదాపు 7.5 శాతం. శాతంగా చూస్తే చిన్నదే అనిపిస్తుంది. అయితే రద్దయినవి 19 లక్షలు, అర్జీలు 4.9 లక్షలు. మిగతావాళ్లందరూ అనర్హులే కాబట్టి ఊరుకున్నారని అనలేం. కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగలేనివాళ్లు, వలస వెళ్లినవాళ్లు, ముసలివాళ్లు, అర్జీ పెట్టొచ్చని కూడా తెలియనివాళ్లు వాళ్లలో లేరని ఎలా చెప్పగలం? పైగా అర్హత లేని ఇంటికి బియ్యం వెళితే పోయేది కొన్ని రూపాయలు. అర్హత ఉన్న ఇంటికి ఏళ్ల తరబడి ఆగితే పోయే తిండిని ఏ బకాయీ తిరిగి ఇవ్వలేదు. ఈ రెండు తప్పుల్నీ ఒకే తక్కెడలో తూచకూడదు.

పక్షపాతాన్ని సరిచేసి మంచి యంత్రాన్నే తయారు చేయొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆమ్‌స్టర్‌డామ్ నగరం నిజాయితీగా ఆ ప్రయత్నం చేసింది. నిపుణులను సంప్రదించింది, వలసవచ్చినవాళ్లపై వివక్ష తగ్గేలా లెక్కలు సవరించింది, 2023లో ప్రయోగాత్మకంగా నడిపి చూసింది. ఈసారి డచ్ పౌరుల మీద, ఆడవాళ్ల మీద అనుమానం ఎక్కువైంది. నగరం ఆ ప్రయోగాన్ని మానుకుంది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తేలే ఈ లోపం ఇంజినీర్ల చేతకానితనం అనుకోలేం. మనుషుల్ని అనుమానించడమే పనిగా పెట్టుకున్న లెక్క ఎవరో ఒకరిని అనుమానించక తప్పదు.

అలాగని కంప్యూటర్‌ను పక్కన పడేయమనడం నా ఉద్దేశం కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో 2020లో కరోనా కాలంలో ‘నోవిస్సి’ పథకం కింద ఉపగ్రహ చిత్రాలు, ఫోన్ వాడకం ఆధారంగా పేదలను గుర్తించి నేరుగా ఫోన్లకే డబ్బు పంపింది. ఊళ్ల వారీగా ఎంపిక చేసే పద్ధతులతో పోలిస్తే పేదలు తప్పిపోవడం 4 నుంచి 21 శాతం తగ్గిందని నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇంటింటి వివరాలతో సమగ్ర జాబితా ఉండి ఉంటే దానికన్నా ఈ పద్ధతిలో 9 నుంచి 35 శాతం ఎక్కువ తప్పిపోయేవాళ్లని కూడా అదే అధ్యయనం ఒప్పుకుంది. అక్కడ యంత్రం చేసిన పని కొత్తవాళ్లను చేర్చడం. అప్పటిదాకా ఏమీ అందని మనిషి దాని కంటపడకపోతే కొత్తగా పోయేది లేదు, పడితే చేతికి డబ్బు వస్తుంది. వితంతువై కూడా పింఛను అడగనివాళ్లను, కార్డు లేని వలస కూలీలను వెతకడానికి మన రాష్ట్రాలు ఇలాంటి సాధనాన్ని వాడితే దాన్ని సంతోషంగా సమర్థించవచ్చు.

తీసేయాలన్నప్పుడు మాత్రం యంత్రం మాట ఒక సూచనగా ఆగాలి. మనిషి వెళ్లి ఇల్లు చూడకుండా, కారణాన్ని ఆ ఇంటివాళ్లకు అర్థమయ్యే భాషలో రాసివ్వకుండా, వాళ్ల జవాబు వినకుండా కార్డు రద్దు కాకూడదు. అది తేలేదాకా బియ్యం ఆగకూడదు. ఏ రికార్డులు కలుపుతున్నారో, పేర్ల మధ్య ఎంత తేడాను సహిస్తున్నారో, తనిఖీలో ఎన్ని తప్పులు తేలాయో జిల్లాల వారీగా బయటపెట్టాలి. ఈ పనికి కావలసిన అనుభవం తెలుగు నేల మీదే ఉంది. ఉపాధి హామీ పథకానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి సామాజిక తనిఖీ నడిపింది. కూలీల హాజరు పట్టికను (మస్టర్ రోల్‌ను) పట్టుకుని కూలీల ఇళ్లకు వెళ్లి, పనికి వెళ్లావా, డబ్బు అందిందా అని అడిగేవారు. తేలిన సంగతులను అధికారుల ముందే అందరికీ చదివి వినిపించేవారు. సమగ్ర వేదిక లాంటి ప్రతి వ్యవస్థకూ ఆ తనిఖీని చట్టబద్ధం చేయాలి, అది పూర్తయ్యేదాకా ఒక్క పేరు కూడా కొట్టేయకూడదు.