తిరిగిరాని విమానాలు చెప్పే సాక్ష్యం

2024 డిసెంబరులో రక్షణ శాఖకు చెందిన పార్లమెంటరీ స్థాయీ సంఘం సభ ముందుంచిన నివేదికలో ఒక పట్టిక ఉన్నది. 2017 నుంచి 2022 వరకు గల అయిదేళ్ల ప్రణాళికా కాలంలో భారత వైమానిక దళానికి జరిగిన 34 ప్రమాదాల వివరం అది. తేదీ, విమానం రకం, స్థలం, ఆపైన 'కారణం' అన్న గడి. ఆ గడిలో పెక్కు చోట్ల కనిపించేది ఒక్కటే మాట: 'మానవ దోషం - విమాన సిబ్బంది'. సాయుధ దళాల ప్రధానాధిపతి జనరల్ బిపిన్ రావత్‌ను బలిగొన్న 2021 డిసెంబరు 8 నాటి హెలికాప్టర్ ప్రమాదం ఎదుట కూడా ఆ మాటే. పార్లమెంటు కాగితాలు తిరగవేయడంలోనే సగం జీవితం గడిపిన నాబోటివానికి ఇలాంటి గడులు కొత్త కావు. అయినా ఈ పట్టిక చదువుతూండగా, మన ఈశాన్య సరిహద్దు మీద ఎనభై యేళ్ల క్రితం కూలిన విమానాల కథ గుర్తుకు వచ్చింది. అక్కడ కూడా మొదట ప్రతిదానికీ ఏదో ఒక సులభమైన కారణమే దొరికింది.

1942 వసంతంలో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో చైనాకు ఉన్న భూమార్గం మూసుకుపోయింది. చియాంగ్ కై-షేక్ సేనలకు పెట్రోలు, మందుగుండు అందజేయాలంటే అస్సాంలోని చబువా, దిన్‌జాన్, మోహన్‌బారీ వంటి విమానాశ్రయాల నుంచి తూర్పు హిమాలయపు కొండలు దాటి కున్మింగ్ చేరడం తప్ప గత్యంతరం లేకపోయింది. వైమానికులు ఆ కొండల వరుసకు 'హంప్' అని పేరు పెట్టారు. 1945 నవంబరు దాకా సాగిన ఆ రవాణాలో సుమారు ఆరున్నర లక్షల టన్నుల సరుకు చేరింది. 590కి పైగా విమానాలు నష్టమైనాయి. 1,650 మందికి పైగా వైమానికులు మరణించారు, లేదా జాడ తెలియకుండా పోయారు.

మొదట ఆ దారిన తిరిగినవి మన పాఠకులకు సుపరిచితమైన డకోటాలే. అవి నమ్మకమైన విమానాలే గాని అంత ఎత్తులో మోయగల బరువు తక్కువ. 1943 మే నెలలో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశానంతరం అధ్యక్షుడు రూజ్వెల్ట్ జూలైకి నెలకు 7,000 టన్నులు, సెప్టెంబరుకు 10,000 టన్నులు చేర్చాలని లక్ష్యం విధించారు. లక్ష్యం పెరిగింది. దానికి తగిన విమానం కావలసి వచ్చింది. అప్పుడు రంగంలోకి దింపినదే కర్టిస్ కంపెనీ వారి సి-46 కమాండో. ఒక్కొక్కటి రెండు వేల అశ్వశక్తి గల రెండు ఇంజన్లు, చేప కడుపు వంటి విశాలమైన దేహం, డకోటాకు దాదాపు రెట్టింపు మోయగల సత్తా. యుద్ధం ముగిసేనాటికి ఈ రకం మూడు వేలకు పైగా తయారైనాయి.

అయితే ఈ విమానం పరీక్షలన్నీ గట్టెక్కి రాలేదు. 1943 వేసవిలో అస్సాం చేరిన తొలి విడత విమానాలలో ఎన్నో లోపాలు బయటపడి, చాలావాటిని మార్పుల నిమిత్తం వెనక్కు పంపవలసి వచ్చింది. ఆ యేడాది నవంబరు నాటికి చేయవలసిన మార్పుల సంఖ్య ఏడు వందలు దాటింది. ఒకవంక మార్పులు జరుగుతూండగానే మరొకవంక విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. కార్బ్యురేటర్లలో మంచు పేరుకునేది. ఇంధనపు గొట్టాలు కారేవి. వైమానికులు దానికి 'ఎగిరే శవపేటిక' అని పేరు పెట్టుకున్నారు. ఆజ్ఞలో ఉన్న టన్నులు మాత్రం తగ్గలేదు. పదివేల టన్నుల లక్ష్యం చివరకు డిసెంబరులో నెరవేరింది. దాని మూల్యం కొండల్లో చెల్లింపయింది.

వీటన్నిటికంటె ఘోరమైనది మరొకటి ఉన్నది. 1943 మే నుంచి 1945 మార్చి వరకు సి-46 విమానాలు గాలిలోనే మంటలంటుకుని గాని, పేలిపోయి గాని నష్టమైన సందర్భాలు కనీసం 31. పేలిన విమానం నుంచి చెప్పేవాడు మిగలడు. వాతావరణమనో, శత్రువనో, పైలట్ పొరపాటనో అనుకోవడం సులభం. నిజానికి దోషం రెక్కలో ఉన్నది. డకోటా రెక్కలో ఇంధనపు ఆవిరి బయటికి పోవడానికి గాలి సందులుండేవి. సి-46 రెక్కకు అవి లేవు. ఎక్కడైనా కారిన పెట్రోలు రెక్క మొదట, దేహంతో కలిసే చోట, మడుగు కట్టి నిలిచేది. ఒక్క విద్యుత్ రవ్వ చాలు. యుద్ధం ముగిసిన తరువాత ఆ రెక్కలకు గాలి సందులు పెట్టారు, ఇంధనపు పంపుకు, దాని స్విచ్చులకు రవ్వ బయటపడని రక్షణ కల్పించారు. చికిత్స అంత చిన్నది. అది అందేసరికి అవసరమైనవారు లేరు.

ఇక్కడ అబ్రహాం వాల్డ్ అనే గణాంక శాస్త్రజ్ఞుని ప్రస్తావన అప్రస్తుతం కాదు. అదే యుద్ధకాలంలో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలోని పరిశోధక బృందంలో ఉండి, బాంబర్లకు ఎక్కడ కవచం తొడగాలన్న ప్రశ్నను పరిశీలించాడు. తిరిగివచ్చిన విమానాలకు గుళ్లు ఎక్కడ ఎక్కువ తగిలాయో చూసి అక్కడ కవచం వేయడం పొరపాటని ఆయన గణితం చెప్పింది. అక్కడ దెబ్బ తిన్నవి తిరిగి రాగలిగాయి గదా! తిరిగిరానివి ఎక్కడ దెబ్బ తిన్నాయో ఊహించి ఆ చోట కాపాడాలి. విధి వైపరీత్యమేమంటే, ఆ వాల్డ్ మన దేశంలో ఉపన్యాస యాత్రకు వచ్చి, 1950 డిసెంబరు 13న నీలగిరి కొండలను ఢీకొన్న డకోటా విమానంలో భార్యతో సహా మరణించాడు.

హంప్ మీద సాక్ష్యం చెప్పగలిగినవారు దక్కిన సందర్భం ఒకటి ప్రపంచానికంతకూ తెలిసింది. 1943 ఆగస్టు 2న చబువా నుంచి చైనాకు బయలుదేరిన ఒక సి-46కు గంటసేపటికే ఒక ఇంజన్ ఆగిపోయింది. సామాను బయట పారవేసినా లాభం లేకపోయింది. అందులోని సుమారు ఇరవై మంది, అంతకుముందెన్నడూ పారాచ్యూట్ తగిలించుకోనివారు సహా, నాగా కొండల మీదకు దూకారు. వారిలో అమెరికన్ రేడియో విలేకరి ఎరిక్ సెవరైడ్, జనరల్ స్టిల్వెల్ రాజకీయ సలహాదారు జాన్ పేటన్ డేవీస్ ఉన్నారు. కో-పైలట్ ఒక్కడు తప్ప అందరూ బ్రతికారు. వెదుకుతూ వచ్చిన విమానం నుంచి ఫ్లికింజర్ అనే సైనిక వైద్యుడు ఇద్దరు సహాయకులతో తానుగా దూకి గాయపడినవారిని చేరాడు. మోకోక్‌చుంగ్ నుంచి ఆంగ్లేయ అధికారి ఫిలిప్ ఆడమ్స్ నాగా యోధులతో నడిచివచ్చి వారిని ఆ నెలాఖరుకు బయటికి తీసుకుపోయాడు.

వారిని ఆదరించినది పాంగ్షా అనే సరిహద్దు గ్రామం. ఏడేళ్ల క్రితం, 1936లో, బ్రిటిష్ ప్రభుత్వం దండయాత్ర జరిపి తగులబెట్టిన గ్రామమే అది. ఆనాటి యాత్రలో వెంట వెళ్లిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మన పాఠకులకు పరాయివాడు కాడు. తరువాత నిజాం ప్రభుత్వంలో పనిచేసి ఆదిలాబాదు గోండుల కోసం మార్లవాయిలో నివసించినది ఆయనే. సర్కారు చేతిలో కాలిన ఊరు, సర్కారు మిత్రులు ఆకాశం నుంచి పడితే అన్నం పెట్టింది.

1944 సెప్టెంబరులో జనరల్ విలియం టన్నర్ ఆ రవాణా బాధ్యత స్వీకరించి, మరమ్మతులను ఫ్యాక్టరీ పద్ధతిలో వరుసక్రమాన పెట్టించి, ప్రతి ప్రమాదాన్నీ పరిశీలించి కారణాలను విడివిడిగా తేల్చే ఏర్పాటు చేశాడు. 1944 ఆరంభంలో వెయ్యి గంటల ప్రయాణానికి రెండుకు దగ్గరగా ఉన్న ప్రమాదాల రేటు ఏడాది తిరిగేసరికి అందులో చిన్న భాగమైంది. సరుకు మాత్రం అనేక రెట్లు పెరిగింది. కొండలు అవే, మేఘాలు అవే. ప్రమాదాలను విధిలిఖితమని ఒప్పుకోకపోవడమే వచ్చిన మార్పు.

అమెరికా తన మృతులను ఇప్పటికీ వెదుకుతోంది. అరుణాచల్‌లో దొరికిన వైమానికుల అవశేషాలను 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో సైనిక వందనంతో స్వదేశానికి పంపారు. 2023 నవంబరులో పాసీఘాట్‌లో హంప్ మ్యూజియం ప్రారంభమైంది, అమెరికా రాయబారి గార్సెట్టి హాజరైనారు. సంతోషమే. కాని ఆ విమానాశ్రయాలకు రాళ్లు మోసిన తేయాకు తోటల కూలీల పేర్లు ఏ గోడమీద ఉన్నాయి? ఆ తోటలకు ఉత్తర కోస్తా నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. వారిని వెదికే శాఖ ఏ దేశంలోనూ లేదు.

ఆ కొండల మీద నేడు ఎగురుతున్నవి మన ఏఎన్-32 రవాణా విమానాలు. ఇవీ రెండు ఇంజన్లవే. 2009 జూన్‌లో ఒకటి, 2019 జూన్ 3న మరొకటి మెన్చుకా దారిలో కూలి, రెండింటిలోనూ పదముగ్గురేసి మరణించారు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన ఏఎన్-32 బంగాళాఖాతంలో 29 మందితో మాయమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారపు పౌర ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరాన, 3,400 మీటర్ల లోతున శకలాల ఫోటోలు దొరికాయి. స్థలం తెలిసింది. కారణం ఆ ఎనిమిది ఇళ్లకు ఎవరు చెప్పాలి?

పౌర విమాన ప్రమాదాలపై దర్యాప్తు నివేదికలు ప్రజలకు అందుబాటులో ఉంటున్నాయి. సైనిక విమానాల విచారణ నివేదికలు గుప్తంగా ఉంటాయి. సభ్యులు అడిగితే మంత్రిత్వశాఖ కారణాన్ని రెండు మూడు మాటలలో ముగిస్తుంది. రక్షణ రహస్యాలను బజారుకెక్కించమని నేను కోరడం లేదు. శత్రువుకు పనికివచ్చే వివరం తొలగించి, లోపం రెక్కలో ఉన్నదా, మరమ్మతులో ఉన్నదా, విధించిన లక్ష్యంలో ఉన్నదా అన్న సారాంశం స్థాయీ సంఘానికైనా ప్రతి ప్రమాదానంతరం ఇవ్వడం సాధ్యమే. ఆ సంఘం అటువంటి సారాంశాన్ని పట్టుబట్టి అడగాలి.

'మానవ దోషం' అన్న మాట అబద్ధమని నేననడం లేదు. విమానం నడిపేవాడూ మానవుడే, పొరపాటు పడతాడు. రెక్కకు సందు పెట్టని వాడు, పరీక్ష ముగియని విమానాన్ని పంపినవాడు, టన్నులు విధించినవాడు కూడా మానవులే గదా! పట్టికలోని ఆ గడి వారందరికీ చోటిచ్చేటంత వెడల్పుగా ఉండాలి.