వెల్లంపల్లి సామూహిక బాప్తిస్మాలు

1878 జూలై 3న, నేటి ప్రకాశం జిల్లాలోని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరిలో అత్యధికులు మాదిగలు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పర్యవేక్షణలో ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున నదిలో నిలిచి ఈ కార్యం నిర్వహించారు.

నేపథ్యం

ఈ ఉద్యమానికి ఆద్యుడు తాళ్ళకొండపాడు నివాసి యెర్రగుంట్ల పేరయ్య. తోలుపని చేసే ఈయన తొలుత యోగమార్గంలో ముక్తిని అన్వేషించి, 1866లో బాప్తిస్మం పొంది, తనవారికి బోధించాడు. విశ్వాసులు ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. జాతరలలో డప్పు కొట్టడం మానినందుకు వీరు గ్రామపెద్దల ఆగ్రహానికి గురయ్యారు.

రక్షణ భావన

బాప్టిస్టుల విశ్వాసం ప్రకారం రక్షణ సత్కార్యాల ఫలం కాదు, దైవకృప. పశ్చాత్తాపంతో క్రీస్తును నమ్మిన ఏ సామాన్య పాపికైనా క్షమ లభిస్తుంది. నీట మునగడం దానికి బహిరంగ సాక్ష్యం మాత్రమే. రక్షించినవాడు దేవుడే గనుక, కష్టకాలంలోనూ ఆయన విడువడని వీరి నమ్మకం.

కరువు పరీక్ష

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి కల్పించాడు. తిండి కోసమే మతం మారారన్న సందేహానికి తావివ్వరాదని, ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఇక సహాయమేమీ లేదని 1878 జూన్‌లో చెప్పినా, వచ్చినవారు వెనుదిరగలేదు. ఆ సంవత్సరాంతానికి బాప్తిస్మం పొందినవారి సంఖ్య 9,606కు చేరింది. గ్రామాలలో వారి పేదరికం, అంటరానితనం మాత్రం అలాగే ఉన్నాయి.