ఫిలాసఫీలో పీహెచ్‌డీ అంటే ఏం చేస్తారు?

మన బడి పెద్ద తరగతుల పిల్లలు కాలేజీ దరఖాస్తులు పెట్టే వయసుకొచ్చారు. వారిలో ఎవరైనా "ఫిలాసఫీ చదువుతాను" అంటే ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడరు. మన వాలంటీర్లలో చాలామందిమి ఇంజనీరింగ్ చదివి వచ్చినవాళ్ళం. మనకు ఫిలాసఫీ అంటే వేదాంతం, వేదాంతం అంటే రిటైరయ్యాక చూసుకునే వ్యవహారం! అందుకే ఈ నాలుగు మాటలు.

అమెరికాలో ఈ పీహెచ్‌డీకి సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. మొదటి రెండేళ్ళు క్లాసులు, ఆ తరువాత థీసిస్. చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. బదులుగా టీచింగ్ అసిస్టెంటుగా పనిచెయ్యాలి.

చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునేవారి రెజ్యూమేలో రెండు వరుసలు కనిపిస్తాయి. 'ఏరియా ఆఫ్ స్పెషలైజేషన్' అంటే లోతుగా పరిశోధించిన విషయం. 'ఏరియా ఆఫ్ కాంపిటెన్స్' అంటే అంత పరిశోధన చెయ్యకపోయినా డిగ్రీ పిల్లలకు ధైర్యంగా పాఠం చెప్పగలిగిన విషయం. మన సాఫ్ట్‌వేర్ రెజ్యూమేల్లో ఈ రెండో వరుస ఉంటే ఎంతమందిమి నిజం రాస్తామో!

పరిశోధన ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. కలకత్తా సంస్కృత కళాశాలలో పాఠాలు చెప్పిన బిమల్ కృష్ణ మతిలాల్ హార్వర్డ్‌కు వెళ్ళి 1965లో పీహెచ్‌డీ పొందారు. ఆయన ఎంచుకున్న విషయం నవ్యన్యాయంలో 'అభావం', అంటే లేకపోవడం. నేల మీద కుండ లేదు అన్నప్పుడు మనం చూస్తున్నది దేన్ని? ప్రోగ్రాముల్లో 'నల్' విలువతో తలపట్టుకున్న మనవాళ్ళకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించదు. 1976లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యారు.

న్యాయశాస్త్రంలో అడుగుపెట్టేవారు ఇప్పటికీ ముందుగా పట్టే పుస్తకాల్లో ఒకటి తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు సులువుగా తెలియాలనే రాశానని ఆయనే చెప్పుకున్నారు. అది చాలదన్నట్టు 'దీపిక' అనే వ్యాఖ్య కూడా తానే రాశారు. కొండమీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, వంటింట్లో చూశాం కదా అంటాడు తార్కికుడు. మరి నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది అనవచ్చా? కూడదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పుకు తడికట్టె తగిలితేనే పొగ. దాచిపెట్టిన ఈ షరతుకు 'ఉపాధి' అని పేరు.

టీచింగ్ అసిస్టెంటు వారం వారం చేసేదీ ఇదే. పద్దెనిమిదేళ్ళ పిల్లల వ్యాసాలు దిద్దుతూ, ఏ వాదంలో తడికట్టె ఎక్కడ దాగిందో వెతికి చూపించాలి. అభిప్రాయం నచ్చిందా లేదా అన్నదానికి మార్కులుండవు. మనం డీబగ్గింగ్ అనే పనికి ఇది దగ్గరి చుట్టమే.

ఉద్యోగాల సంగతి దాచనక్కరలేదు. పర్మనెంటు ప్రొఫెసరు పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. డిగ్రీతో ఆగి లా స్కూలుకు వెళ్ళేవారూ ఉన్నారు. మీ అమ్మాయో అబ్బాయో అడిగితే, ముందు మొదటి ఏడాదిలో ఒక లాజిక్ క్లాసు తీసుకోమనండి. పరీక్షలకు ముందురోజు కూడా ఆ లెక్కలు ఇష్టంగా చేస్తుంటే, అప్పుడు కూర్చుని మాట్లాడవచ్చు.