రెండవ సారథి

అమెరికా దేశమున ఫుట్‌బాల్ అను పేర ఆడు ఆట, మన దేశమున కాలితో బంతిని తన్ను ఆటవంటిది కాదు. అందలి బంతి కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. దానిని చేతబట్టి పరుగెత్తుటయు, చేతితో విసరుటయు ఆ ఆటలో ముఖ్యములు. ఒక్కొక్క పక్షమున 11 మంది నిలుతురు. వారిలో ఎత్తుగడను తోడివారికి తెలిపి, బంతిని అందుకొని, దాని నెవరికి విసరవలయునో రెండు మూడు క్షణములలో నిర్ణయించువానికి క్వార్టర్‌బ్యాక్ అని పేరు. రథమునకు సారథి యెట్టివాడో జట్టునకు అతడట్టివాడు.

ఎదిరిపక్షమువా రతనిని నేలగూల్చుటకే ప్రయత్నింతురు. కనుక అతడు గాయపడుట అరుదు కాదు. అందుచే జట్లు రెండవ సారథిని గూడ ఉంచుకొనును. అతడు పలుమారు పోటీ ముగియువరకు ప్రక్కన నిలిచి చూచుచుండును. ఇట్టివానిని తీర్చిదిద్దుటకు జట్టు శ్రమపడుట తగునా?

తగదనువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. జాతీయ ఫుట్‌బాల్ లీగులో జట్టునకు 53 మందికే చోటు. పోటీకిని పోటీకిని నడుమ సాధారణముగా ఒక వారమే వ్యవధి. ఆ కొలదికాలములో రెండవవాని కిచ్చిన ప్రతి గడియయు మొదటివానినుండి తీసికొన్నదే. పైగా అతని అవసరము ఎన్నడును కలుగకపోవచ్చును.

ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టు సారథి పేటన్ మానింగ్ 1998 మొదలు 2010 వరకు లీగు పోటీల నొక్కటియు మానలేదు. 2010లో ఆ జట్టు 16 పోటీలలో పదింటిని గెలిచెను. 2011లో మెడకు శస్త్రచికిత్స జరిగి అతడు ఆడలేకపోయెను. ఆ యేడు జట్టు గెలిచినవి రెండే. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినచో నీరు దొరకదు గదా!

న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు కథ వేరు. 2000 సంవత్సరపు ఎంపికలో టామ్ బ్రేడీ అను యువకుడు 199వ వాడు. అప్పటికే ముగ్గురు సారథులున్నను జట్టు అతనిని నాలుగవవానిగా నిలుపుకొనెను. ఆ యేడు అతడు ఒక్క పోటీలో మాత్రము కొంచెముసేపు ఆడెను. మిగిలిన కాలమును దేహబలమును పెంచుకొనుచు, ఎత్తుగడలను నేర్చుకొనుచు గడపెను. 2001 సెప్టెంబరు 23న మొదటి సారథి డ్రూ బ్లెడ్సో తీవ్రముగా గాయపడగా బ్రేడీ ఆ స్థానమునకు వచ్చెను. 2002 ఫిబ్రవరి 3న జట్టు తుదిపోటీయగు సూపర్ బౌల్‌ను 20-17 తేడాతో గెలిచెను. అంతకు ముందటి పోటీలో బ్రేడీ చీలమండకు దెబ్బ తగిలినప్పుడు, కోలుకొని రెండవవాడుగా నున్న బ్లెడ్సోయే దిగి జట్టును గెలిపించెను.

రెండవవారందరును బ్రేడీ కాజాలరు. అయినను వారిపై పెట్టిన శ్రమ వ్యర్థము కాదు. అభ్యాసములో రెండవ సారథి తరచుగా రాబోవు ప్రత్యర్థి సారథివలె ఆడి, తన జట్టు రక్షకులను సిద్ధపరచును. మొదటివానితో గూర్చుండి పాఠము వినుటకు వేరుగా గడియలు వెచ్చింపనక్కరలేదు. 2023 జనవరిలో సాన్‌ఫ్రాన్సిస్కో జట్టు సారథు లిద్దరును ఒకే పోటీలో గాయపడి, ఆ జట్టు 31-7 తేడాతో ఓడెను. ఆ యేడే లీగు, ఆపత్కాలమునకు మూడవ సారథిని సిద్ధముగా నుంచుకొనుటకు అనుమతించెను.

కావున మొదటివాని అభ్యాసమునకు లోటు రానీయక, రెండవవానికి తగినంత నేర్పుట వివేకము. పిలుపు వచ్చినదినమున నేర్చుకొనుటకు వ్యవధి యుండదు; నేర్చినది చూపుటకే యుండును.