చిప్ కొలువుకు ఈసీఈ ఒక్కటే దారా?

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక ఇళ్లలో సాగే తర్జనభర్జనల్లోకి ఇప్పుడు చిప్‌లూ చేరాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు చెవిన పడే మాటల్లో నిజమెంత?

అపోహ: సెమీకండక్టర్ రంగం ఈసీఈ వాళ్లకే.

వాస్తవం: డిజైన్ వరకూ ఆ మాట చాలామటుకు నిజమే. ట్రాన్సిస్టర్లు, సర్క్యూట్లు ఈసీఈ, ఈఈఈ పాఠాల్లోనే ఉంటాయి. డిజైన్ ఫ్యాబ్‌కు, అంటే చిప్ తయారీ కర్మాగారానికి చేరాక మాత్రం పని తీరే వేరు. సిలికాన్ వేఫర్ మీద పలుచని పొరలు పరచాలి, కాంతితో నమూనా ముద్రించాలి, అక్కర్లేనిచోట వాయువులతో చెక్కాలి, పైభాగాన్ని నున్నగా అరగదీయాలి. వందల దశల ఈ పనిలో కెమికల్, మెటలర్జీ, మెకానికల్ ఇంజినీర్లు, ఫిజిక్స్ చదివినవాళ్లు కావాలి.

ఇంటెల్‌ను నిలబెట్టిన ముగ్గురినే తీసుకుంటే, రాబర్ట్ నాయిస్ భౌతికశాస్త్రంలో, గార్డన్ మూర్ రసాయనశాస్త్రంలో, ఆండీ గ్రోవ్ కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. 1987లో తైవాన్‌లో చిప్ తయారీ సంస్థ టీఎస్ఎంసీని స్థాపించిన మోరిస్ చాంగ్ ఎంఐటీలో చదివింది మెకానికల్. ఎలక్ట్రికల్‌లో డాక్టరేట్ ఉద్యోగంలో చేరిన తర్వాతే వచ్చింది.

అపోహ: సీఎస్ఈ తీసుకుంటే చిప్‌లకు దూరమైనట్టే.

వాస్తవం: తప్పు సిలికాన్ మీదికి ఎక్కితే కొత్త మాస్కుల (నమూనా ముద్రణకు వాడే ఫలకాల) ఖర్చు, నెలల ఆలస్యం తప్పవు. అందుకే తయారీకి పంపకముందే డిజైన్‌ను అన్నివిధాలా పరీక్షిస్తారు. ఈ వెరిఫికేషన్ పనికి సిస్టమ్‌వెరిలాగ్, పైథాన్ భాషలు రావాలి. సినాప్సిస్, కేడెన్స్ కంపెనీల ప్రధాన వ్యాపారమే చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్. కోడింగ్ ఒక్కటే చాలదు, డిజిటల్ లాజిక్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ గట్టిగా పట్టుబడాలి.

అపోహ: కోర్సు పేరులో వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) ఉంటేనే మేలు.

వాస్తవం: వీఎల్ఎస్ఐ బీటెక్‌కు ఏఐసీటీఈ 2023లో నమూనా సిలబస్ ఇచ్చింది. కానీ మామూలు ఈసీఈలోనూ ఆ సబ్జెక్టులు ఎలెక్టివ్‌లుగా దొరుకుతాయి. చూడాల్సింది పేరు కాదు, ల్యాబ్.

అపోహ: మన దేశంలో ఫ్యాబ్‌లే లేవు, తయారీ చదువు దండగ.

వాస్తవం: ఇస్రో రాకెట్ల కోసం విక్రమ్ ప్రాసెసర్ తయారైంది మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ లేబొరేటరీలోనే. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా సంస్థ తైవాన్ కంపెనీ పీఎస్ఎంసీతో కలిసి తలపెట్టిన 91,000 కోట్ల రూపాయల ఫ్యాబ్‌కు కేంద్రం 2024లో ఆమోదం తెలిపింది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కూ ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్ మంజూరైంది. అయితే హైదరాబాద్, బెంగళూరుల్లో ఈ రంగంలోని కొలువుల్లో ఎక్కువ భాగం నేటికీ డిజైన్, వెరిఫికేషన్‌లవే.

అపోహ: ఎంటెక్ లేనిదే ఎవరూ తీసుకోరు.

వాస్తవం: వెరిఫికేషన్‌లో బీటెక్‌తోనే చేరుతున్నవాళ్లున్నారు. అనలాగ్ డిజైన్, పరిశోధన వైపు వెళ్లాలంటే మాత్రం పైచదువు బాగా అక్కరకొస్తుంది.

డిజైనా, తయారీయా ఇంకా తేల్చుకోలేనివాళ్లకు ఈసీఈయే సురక్షితం. కెమిస్ట్రీ ఇష్టమైనవాళ్లు కెమికల్, మెటలర్జీలను చిన్నచూపు చూడనక్కర్లేదు. ఆప్షన్లు లాక్ చేసేముందు ఒకసారి కాలేజీకి వెళ్లి, చిప్ డిజైన్ టూల్స్ ఉన్నాయా, విద్యార్థులు వాటిని నిజంగా వాడుతున్నారా అని సీనియర్లను అడగండి.