పాడిగేదె ఒంట్లో మందు ఎక్కడ దాగుతుంది?

పశువు ఒంట్లోకి వెళ్లిన పురుగుమందు నాలుగు రోజులకు దానంతటదే పోతుందని పాడి రైతులు నాతో అంటుంటారు. చాలా మందుల విషయంలో అది నిజమే. కాలేయం వాటిని విరగ్గొడుతుంది, మూత్రంలో, పేడలో బయటికి పోతాయి. డీడీటీ, బీహెచ్‌సీ లాంటి పురుగుమందుల సంగతి, ప్లాస్టిక్ కాలితే పుట్టే డయాక్సిన్ల సంగతి వేరు. అవి తేలిగ్గా విరగవు, నీళ్లలో కరగవు. కొవ్వులో కరిగి అక్కడే ఉండిపోతాయి. పాడి పశువు ఒంట్లోంచి అవి పోయే పెద్ద దారి ఒక్కటే, పాలలోని వెన్న. పశువైద్యుడిగా నాకు మింగుడుపడని సంగతి ఇదే. గేదె ఒళ్లు శుభ్రపడేది మన పిల్లల గ్లాసులోకి.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి 1973లో ఇది అనుభవమైంది. దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడ్‌కు బదులు, ప్లాస్టిక్ తేలిగ్గా నిప్పంటుకోకుండా వాడే పీబీబీ అనే రసాయనం దాణా మిల్లుకు చేరింది. ఇదీ కొవ్వులో దాగే రకమే. ఒకదాని పేరు న్యూట్రిమాస్టర్, రెండోది ఫైర్‌మాస్టర్. ఫ్రెడరిక్ హాల్బర్ట్ అనే పాడి రైతు ఆవులు మేత తగ్గించాయి, పాలు పడిపోయాయి, గిట్టలు వంకరగా పెరిగాయి. ఆయన కెమికల్ ఇంజినీరింగ్ చదివినవాడు. దాణా మీదే అనుమానంతో నెలల తరబడి పరీక్షలు చేయించాడు. 1974లో అసలు సంగతి తేలేదాకా జనం ఆ పాలు తాగుతూ, మాంసం, గుడ్లు తింటూనే ఉన్నారు. చివరికి సుమారు 30 వేల పశువుల్ని, 15 లక్షల కోళ్లను వదిలించుకోవాల్సి వచ్చింది.

దాణా మార్చి కొన్నాళ్లు ఆగితే సరిపోదా? పాలిచ్చే ఆవులో పీబీబీ మొదటి రెండు వారాల్లో బాగానే తగ్గుతుంది. ఎందుకంటే అప్పుడు పోయేది రక్తంలో తిరుగుతున్నది. కొవ్వులో దాగింది మాత్రం సగానికి రావాలంటే సుమారు రెండు నెలలు, ఆ మిగిలింది సగం కావాలంటే మరో రెండు నెలలు. వట్టిపోయిన పశువుకు, దున్నకు పాలదారే లేదు. ఇంకో చిక్కుంది. ఎండాకాలం గడ్డి దొరక్కో, ఈనిన కొత్తలోనో పశువు చిక్కిపోతే కొవ్వుతో పాటు అందులోని రసాయనమూ కరిగి రక్తంలోకి, పాలలోకి వస్తుంది. దూడ ఆ పాలే తాగుతుంది.

మన దగ్గర గోమార్లు పోవాలని గేదె ఒంటిమీద గమాక్సిన్ పొడి చల్లిన తరం నాకు తెలుసు. గమాక్సిన్ అంటే బీహెచ్‌సీయే. డీడీటీని పంటలకు వాడకుండా 1989లో, బీహెచ్‌సీని పూర్తిగా 1997లో ఆపారు. అంతకు ముందు చేలో చల్లింది వరిగడ్డి ద్వారా, పత్తి చెక్క ద్వారా గాటి దగ్గరికే వచ్చేది. పైగా మన గేదె పాలలో వెన్న ఆవు పాలకంటే బాగా ఎక్కువ.

"పొంగొచ్చేదాకా కాస్తే పోదా బాబూ?" అని ఒక పెద్దావిడ అడిగింది. పోదమ్మా. తోడేసినా, చిలికినా పోదు. మజ్జిగలో తక్కువే ఉంటుంది, ఎక్కువ భాగం వెన్నతో పాటు నేతిలోకే వెళ్తుంది.

ఇప్పుడు నేను ఊళ్లలో ఎక్కువగా చెప్పేది రాగి కోసం పాత కరెంటు తీగలు కాల్చే చోట్ల గురించి. ఆ ప్లాస్టిక్ తొడుగు కాలితే డయాక్సిన్లు పుడతాయి, మసితో పాటు చుట్టూ ఉన్న పచ్చిక మీద పడతాయి. అక్కడ గేదెల్ని మేపకండి, ఆ గడ్డి కోసి వేయకండి.