చక్కెర ఎవరి పాలు? రాగిజావ, అంబలి, బీరుల వెనుక రసాయనం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ఇళ్లలో రాగులను మొలకెత్తించి ఎండబెట్టి జావకు పిండి పట్టించుకోవడం, మామూలు రాగిపిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి పొద్దున అంబలి కాచుకోవడం తెలియని విద్యలేమీ కావు. పాశ్చాత్య దేశాల్లో ఇంట్లోనే బీరు తయారుచేసుకోవడాన్ని అభిరుచిగా పెట్టుకున్నవారు చేసే పని కూడా, స్థూలంగా చూస్తే, ఈ రెంటినీ ఒకదాని వెంట ఒకటి జరిపించడమే. ధాన్యాన్ని మొలకెత్తించి అందులోని పిండిపదార్థం చక్కెరగా మారేటట్టు చూస్తారు, ఆ చక్కెరను ఒక సూక్ష్మజీవికి అప్పగిస్తారు. చక్కెర ఎవరి పాలవుతుందన్న దాన్నిబట్టే పానీయం మారుతుంది: మనిషే నేరుగా తాగితే జావ, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పాలైతే పుల్లని అంబలి, ఈస్టు అనే ఏకకణ శిలీంధ్రం పాలైతే బీరు.

గింజలో ఉండే పిండిపదార్థం గ్లూకోజు అణువులు వేల సంఖ్యలో గొలుసులుగా అల్లుకున్న నిల్వ సరుకు. ఈస్టుకు గానీ బ్యాక్టీరియాకు గానీ అది ఆ రూపంలో కొరుకుడుపడదు. గింజ నీళ్లు పీల్చుకుని మేల్కొన్నప్పుడు పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోను వెలువడి, గింజ పైపొర కింద ఉండే కణాలను ప్రేరేపించగా, అవి అమైలేజులు అనే ఎంజైములను, అంటే పిండిపదార్థపు గొలుసులను తెంచే ప్రోటీన్లను, విడుదల చేస్తాయి. మొలకకు ఆహారం సమకూర్చడానికి ప్రకృతి చేసిన ఈ ఏర్పాటును మనిషి మధ్యలో ఆపి, ఎంజైములు చేరిన తరువాత, గింజలోని నిల్వ ఇంకా చాలావరకు మిగిలి ఉండగానే, మొలకను ఎండబెట్టేస్తాడు. అలా ఎండిన మొలకధాన్యమే మాల్ట్. బార్లీని 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో నాలుగైదు రోజులు మొలకెత్తించవలసి ఉండగా, ఉష్ణమండలపు పంట అయిన రాగికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనమే హితవు. రాత్రంతా నానబెట్టి నీళ్లు వంచి, తడిగుడ్డలో మూటగట్టి రెండు రోజులు ఉంచితే తెల్లని మొలకలు బయటికి వస్తాయి. చిరుధాన్యాలలో మాల్టుకు రాగి మేలైనదని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో జరిగిన పరిశోధనలు కూడా చూపించాయి.

ఈ ఎంజైముల పనిని ఏ వంటింట్లోనైనా కళ్లారా చూడవచ్చు. మామూలు రాగిపిండితో గరిట నిలబడేటంత చిక్కగా జావ కాచి, చెయ్యి పెట్టగలిగే వేడికి కాస్త ఎక్కువగా ఉన్నప్పుడు అందులో ఒక చెంచా మొలకరాగుల పిండిని కలిపితే, కొద్ది నిమిషాల్లోనే ఆ జావ సడలి, గరిట నుంచి ధారగా జారుతుంది. నీళ్లు ఒక్క చుక్క చేర్చకపోయినా పలచబడటానికి కారణం, నీటిని పట్టి ఉంచిన పొడవాటి గొలుసులు తెగి ముక్కలు కావడమే. ఇంకొంతసేపు ఆగి రుచి చూస్తే సన్నని తీపి తెలుస్తుంది. అయితే మొలకలను ఎండబెట్టాక కమ్మటి వాసన కోసం బాగా ఎర్రగా వేయించిన పిండితో ఈ ప్రయోగం ఫలించదు, ఎందుకంటే ఆ మాడు వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. మరుగుతున్న జావలో కలిపినా ఫలితం అంతే.

బీరు తయారీలో అత్యంత జాగ్రత్త అవసరమైన దశ కూడా ఇదే. మాల్టును ముతకగా మరపట్టి, వేడినీళ్లలో కలిపి, 65 డిగ్రీల దగ్గర సుమారు గంటసేపు నిలకడగా ఉంచుతారు. అమైలేజుల్లో ఒక రకం 60 నుంచి 65 డిగ్రీల మధ్య చురుకుగా ఉండి ఈస్టుకు అనువైన చిన్న చక్కెరలను ఇస్తుంది, రెండో రకం 70 డిగ్రీల దాకా తట్టుకుని గొలుసులను పెద్ద ముక్కలుగా నరుకుతుంది. కాబట్టి రెండు మూడు డిగ్రీల తేడాతోనే బీరు పలచగా, తీపి లేకుండా వస్తుందా, చిక్కగా, తీయగా వస్తుందా అన్నది తేలిపోతుంది. రాగికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. పిండిపదార్థం ఉడికి ఉబ్బితేనే ఎంజైము దానిలోకి చొరబడగలదు. బార్లీ పిండి 60 డిగ్రీల చుట్టుపక్కలనే ఉబ్బుతుంది గానీ రాగిపిండికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి, ఆ వేడికి చేరేసరికి మొదటి రకం ఎంజైము నశించడం మొదలవుతుంది. రాగి, జొన్నలతో బీరు చేసే జాతులు దీనికి కనిపెట్టిన ఉపాయం చక్కనిది: మాల్టును నీళ్లలో కలిపి పైకి తేలిన తేటను, అంటే ఎంజైములు కరిగిన నీటిని, వంచి పక్కన పెట్టుకుంటారు, అడుగున మిగిలిన పిండిని బాగా ఉడికించి చల్లార్చి, అప్పుడు ఆ తేటను తిరిగి కలుపుతారు.

ఇక రాత్రిపూట పులిసే అంబలికి వస్తే, అక్కడ మొలక లేదు, ఉడుకూ లేదు. పచ్చి రాగిపిండిలో సహజంగా ఉండే కొద్దిపాటి చక్కెరలే సూక్ష్మజీవులకు దక్కుతాయి. గింజను అంటిపెట్టుకుని వచ్చే లాక్టిక్ బ్యాక్టీరియా ఈ ప్రాంతపు వెచ్చని రాత్రుల్లో ఈస్టు కంటే వేగంగా పెరిగి, ఆ చక్కెరను కాజేసి, ఆమ్లంతో నీటిని పుల్లగా మార్చి, రోగకారక క్రిములకు చోటు లేకుండా చేస్తాయి. వాటిలో కొన్ని రకాలు అతిస్వల్పంగా ఆల్కహాలును కూడా ఇస్తాయన్నది నిజమే గాని, పొద్దున అంబలి కాగేటప్పుడు అది ఆవిరైపోతుంది. పులిసిన అంబలి ఎంత తాగినా మత్తెక్కకపోవడానికి ఇవే కారణాలు.

బీరు చేసేవారు ఇదే బ్యాక్టీరియాను బద్ధశత్రువుగా చూస్తారు. అందుకే మాల్టు నుంచి వడగట్టిన తీపి నీటిని గంటసేపు మరగకాచి, అందులో హాప్స్ అనే తీగ మొక్క పూలను వేస్తారు. వాటిలోని ఆమ్లాలు మరిగేటప్పుడు రూపం మారి బీరుకు చేదునిస్తాయి, లాక్టిక్ బ్యాక్టీరియాను ఎదగనివ్వవు, ఈస్టు జోలికి మాత్రం పోవు. భారతదేశంలో ఈ తీగ హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ వంటి చలిప్రాంతాల్లోనే పండుతుంది. చల్లార్చిన ఆ కషాయంలో ఈస్టు కలిపితే, అది ప్రతి 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాలును, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడును తయారుచేస్తుంది. ఇది రసాయన సమీకరణం ప్రకారం వచ్చే గరిష్ఠపు లెక్క, ఆచరణలో కొంత తగ్గుతుంది. ఇళ్లలో చేసేవారు సాధారణంగా 20 లీటర్లకు నాలుగైదు కిలోల మాల్టు, పది పన్నెండు గ్రాముల ఎండు ఈస్టు వాడతారు, ఒకటి రెండు వారాల్లో నాలుగైదు శాతం ఆల్కహాలున్న బీరు సిద్ధమవుతుంది.

ఈస్టు పనిచేస్తూ తానూ వేడిని పుట్టిస్తుంది కాబట్టి పాత్ర లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. సాధారణ బీరు ఈస్టుకు అనువైనది 18 నుంచి 22 డిగ్రీలు. మేలో 40 దాటే ఉదయగిరిలో ఆ ఈస్టు గాభరాపడి, ఘాటైన ఆల్కహాలులను, ద్రావకపు వాసనలను వెలువరిస్తుంది. ఆంగ్లేయులు 1850ల్లో బీరు తయారీకి కసౌలి కొండలను ఎంచుకోవడానికి కారణం అక్కడి చలే. శీతలయంత్రాలు వచ్చాకే బీరు తయారీ మైదానాలకు దిగింది. తడి గోనెగుడ్డ చుట్టి చల్లబరిచే ఉపాయం మెట్టలోని పొడి వేసవిలో కొంత పనిచేసినా, ఈశాన్య రుతుపవనాల తేమలో నీరు ఆవిరి కాదు గనుక పనిచేయదు. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన క్వీక్ అనే ఈస్టు మాత్రం 35 డిగ్రీలు దాటిన వేడిలోనూ శుభ్రంగా పులియబెడుతుంది. అంత చలిదేశంలో అటువంటి ఈస్టు నిలవడం విడ్డూరంగా తోచినా, అక్కడివారు కషాయాన్ని పూర్తిగా చల్లారనివ్వకుండానే ఈస్టు వేసే అలవాటే దాన్ని అలా తీర్చింది.

నీటి సంగతి వేరు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరునీళ్లలో ఫ్లోరైడు సమస్య ఉన్నది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది పరిమితి. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు సరికదా, గంటసేపు మరిగి నీరు ఇగిరేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. జావకైనా, అంబలికైనా, మరే పానీయానికైనా ఇది వర్తించేదే.

రాగితో బీరు అన్నది వింత ఆలోచన కాదు. ఈ గింజ పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తైన భూములు, అక్కడ ఉగాండాలో నేటికీ రాగిబీరును ఒకే కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో పీలుస్తారు. సిక్కింలో ఉడికించిన రాగికి బూజు, ఈస్టు కలిసిన మందుబిళ్లను పొడిచేసి చల్లి, పులిశాక గింజలను వెదురు పాత్రలో నింపి, వేడినీళ్లు పోసి, సన్నని వెదురుగొట్టంతో తాగుతారు. అక్కడ మొలక అవసరమే లేదు, పిండిని చక్కెరగా మార్చే పనిని బూజు చూసుకుంటుంది. రెండుచోట్లా గొట్టం కనిపించడం కాకతాళీయమని కొట్టిపారేయలేము: బార్లీ గింజకు అంటుకుని ఉండే పొట్టు కషాయాన్ని వడగట్టే పరుపులా ఉపయోగపడుతుంది, ఆవగింజంత రాగికి ఆ పొట్టు ఉండదు, కనుక వడపోత భారం గొట్టం కొస మీద పడింది.

ఆంధ్రదేశపు మెట్టలో ఈస్టుకు దొరికిన మేత ధాన్యం కాదు, బెల్లం. బెల్లంలో చక్కెర సిద్ధంగా ఉంటుంది గనుక మొలకా, ఎంజైమూ అక్కరలేదు. బెల్లం ఊటలో తెల్లతుమ్మ చెక్క వేయడం వెనుక కూడా రసాయనం ఉంది, ఆ బెరడులోని టానిన్లు ఊటలోని ప్రోటీన్లను ముద్దకట్టించి అడుగుకు దించుతాయి. అయితే ఊటను బట్టీ పెట్టి, 78 డిగ్రీల దగ్గరే మరిగే ఆల్కహాలును ఆవిరిగా పట్టి చల్లార్చడంతో అది బీరు జాతి నుంచి వేరుపడి సారా అవుతుంది. పులియబెట్టిన పానీయంలో ఆల్కహాలు ఒక స్థాయికి చేరగానే ఈస్టు తనంతట తానే ఆగిపోతుంది, బట్టీకి ఆ హద్దు లేదు. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో 1992లో రోశమ్మ వంటి స్త్రీలు లేచి నిలబడ్డది వేలంపాటలు పాడి కాంట్రాక్టర్లు ఊళ్లోకి దింపిన సారా మీద. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను, 1995 జనవరిలో మద్యం మొత్తాన్ని నిషేధించారు. రెండో నిషేధం 1997లో సడలింది, సారా నిషేధం నిలిచింది.

ఇంట్లో బీరు తయారీకి బ్రిటన్ 1963లో లైసెన్సు అవసరాన్ని తీసివేయగా, అమెరికా 1978లో జిమ్మీ కార్టర్ సంతకంతో ఏటా ఒక ఇంటికి 200 గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 757 లీటర్ల వరకు, పన్ను లేకుండా అనుమతించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయడం నేరం, అమ్మకపోయినా సరే. పాత్ర చిన్నదన్న సాకు కూడా చెల్లదు.

చట్టం అడ్డురాని పానీయం ఒకటి టాంజానియాలో ఉంది. టోగ్వా అనే ఆ పుల్లజావ కోసం పిండిని ఉడికించి, గోరువెచ్చగా చల్లార్చి, అప్పుడు మొలకరాగుల పిండిని, నిన్నటి టోగ్వాను కొంచెం కలిపి మూతపెడతారు. మొలకపిండి జావను పలచబరిచి చక్కెరనిస్తుంది, నిన్నటి తోడులోని లాక్టిక్ బ్యాక్టీరియా ఆ చక్కెరను పులుపుగా మారుస్తాయి, దాన్ని పసిపిల్లలకు కూడా పోస్తారు. ఉదయగిరి ఇంటి అంబలికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా, ఉడికించాక పులియబెట్టడం, ఆ గుప్పెడు మొలకపిండి. తాగవలసిన సమయం పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల లోపు. ఆ తరువాత మిగిలిన చక్కెర మీద ఈస్టు చేతులు వేస్తుంది, జావ మీద నురగ తేలడం దానికి గుర్తు.